ఎవరి చేతి కాలు

మా అడవిలో మనిషిని పోల్చుకునేది ముఖం చూసి కాదు, కాలు చూసి. కాలంటే కుర్చీ కాలు. బీచ్ అనే జాతి చెట్లు కొట్టి, దుంగలు చీల్చి, అక్కడే గుడిసె వేసుకుని, తరిమెన మీద కుర్చీ కాళ్లు తీసి పట్నంలో ఫ్యాక్టరీలకు పంపడం మా వాళ్ల పని. ఫ్యాక్టరీ వాళ్లు అడిగే ఆకారం అందరికీ ఒకటే. అయినా కాలి చుట్టూ పూస ఎక్కడ లేచింది, గీత ఎంత లోతు దిగింది, చివర్లో ఉలి ఎలా వదిలింది అన్నది ఎవరి చెయ్యి వాళ్లదే. బొటనవేలితో తడిమి, కళ్లు మూసుకుని పేరు చెప్పేస్తారు.

తరిమెన అంటే పెద్ద యంత్రమేమీ కాదు. పైన వంగే గడ, కింద తొక్కుడు పలక, రెంటికీ మధ్య ఒక తాడు. ఆ తాడును కర్రకు ఒక చుట్టు చుట్టాలి. తొక్కితే కర్ర మన వైపు తిరుగుతుంది, కాలు వదిలితే గడ పైకి లాగి వెనక్కి తిప్పేస్తుంది. మన వైపు తిరిగేటప్పుడే ఉలి ఆనించాలి, వెనక్కి పోయేటప్పుడు ఎత్తాలి. ఇంతే విద్య. చిన్నప్పుడు నాన్న దగ్గర ఈ ఇంతే విద్య నేర్చుకోవడానికి నాకు ఐదేళ్లు పట్టింది.

మా నాన్న జేబెజ్ రెడ్రప్ తీసిన కాలికి పక్కపక్కనే రెండు పూసలు ఉండేవి, వాటి మధ్య వెంట్రుకంత గీత. ఆ గీత అలా తీయగలిగినవాళ్లు మా కొండల్లో ఇంకొకరు లేరు. అది ఆయనకు తెలుసు. పక్కవాడికి తెలియదేమోనన్న అనుమానం వస్తే తెలిసేదాకా చెప్పేవాడు కూడా.

ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైనప్పుడు నాకు ఇరవై తొమ్మిదేళ్లు. మొదట చెంచాలో సూపు తొణికింది. తర్వాత ఉలి జారింది. అమ్మ అప్పటికే పోయింది, నేను తప్ప పిల్లలు లేరు. బయటివాళ్లకు కనిపించకుండా గుడిసె గుమ్మానికి గోనెపట్టా వేలాడదీసి నేను తరిమెన ఎక్కాను. నాన్న పక్కన కూర్చుని, "పైకి, ఇంకాస్త పైకి, గాడిదా, అక్కడ కాదు" అంటూ నా చేత తన కాలే తీయించాడు. ఆర్నెల్లు తిరిగేసరికి నేను తీసిన కాలు ఆయన చేతిలో పెడితే ఆయనే తేడా పట్టలేకపోయాడు. అప్పుడు నేనెంత పొంగిపోయానో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

ఏటా అక్టోబరులో పబ్బులో చెట్ల వేలం జరుగుతుంది. పార్స్‌లో అనే ఎస్టేటు గుమాస్తా బల్ల వెనక కూర్చుని ఒక్కొక్క తోపూ పాటకు పెడతాడు. పాడుకోవాలంటే డబ్బొకటే ఉంటే చాలదు. ఆ వారంలో స్వయంగా పచ్చి కర్రతో తీసిన కాలు ఒకటి బల్ల మీద పెట్టాలి. అది చేతులు మారుతూ అందరి దగ్గరికీ వెళ్తుంది. అది ఇంకొకరిదని ఎవరూ వేలు చూపకపోతే మనిషి పాటకు పనికొస్తాడు. మరొకరి కాలు తనదని పెట్టినవాడు ఇక ఈ జన్మలో ఆ బల్ల దగ్గర నిలబడడానికి లేదు. తోపు దొరకనివాడికి అడవి లేదు. నాకైతే పట్నంలో ఫ్యాక్టరీయే గతి, అక్కడ ఆడవాళ్లకిచ్చేది కుర్చీల్లో కూర్చునే చోట బెత్తం అల్లే పని. తరిమెన దగ్గరికి కూడా రానివ్వరు.

రెండు వేలాల్లో నాన్న నా కాలు పెట్టి తన పేరు చెప్పాడు. తప్పని ఇద్దరికీ తెలుసు. మూడో ఏడు సెప్టెంబరులోనే నేను తేల్చి చెప్పేశాను.

"ఈసారి పాట నా పేరు మీద, నాన్నా."

"నేను బతికుండగానా?"

"బతికుండగానే. పోయాక పాడుకుంటే నీకేం వినిపిస్తుంది?"

"నోరు చూడు! మీ అమ్మకి ఇందులో సగం కూడా లేదు."

"అమ్మకి నీ ఉలి కూడా లేదు కదా."

ఆయన రొట్టె అవతలకి నెట్టేసి బయటికి పోయాడు. ఆ పూట నేను నలభై కాళ్లు తీశాను, అన్నీ ఆయనవే.

ఆ వారంలోనే ఎల్ఫిక్ గారు వచ్చారు. పలచటి మనిషి, మోకాళ్లదాకా బురద. పట్నంలో ఏదో పెద్ద నిఘంటువు తయారవుతోందట, ఈయన అందులో 'టర్న్' అనే ఒక్క మాట మీద ఎనిమిది నెలలుగా కూర్చున్నారట.

"ఒక్క మాటకి ఎనిమిది నెలలా!" అన్నాడు నాన్న. "కూలి రోజు లెక్కనా అయ్యగారూ?"

ఆయన నవ్వి మొద్దు మీద కూర్చున్నారు. "మరేం చెయ్యను? పాలు విరిగినా అదే మాట, ఆకు రంగు మారినా అదే, వయసు నలభై దాటినా అదే, మనిషి పార్టీ ఫిరాయించినా అదే. ఎక్కడ మొదలైందా అని వెనక్కి వెనక్కి పోతే చివరికి మీ గుడిసెలో తేలాను."

"మా గుడిసెలోనా?"

"తరిమెన మీద. వెయ్యేళ్ల కిందట రోమన్ల భాషలోంచి మనకొచ్చింది. వాళ్లకి ఆ మాటంటే తరిమెన పట్టడమే, మీలాంటివాళ్లని టర్నర్ అనడం అందుకే. వాళ్లకి తరిమెన పేరు ఇచ్చింది గ్రీకులు. మేకు పాతి, తాడు కట్టి, గుండ్రంగా గీత గీసే పనిముట్టుని కూడా వాళ్లు అదే పేరుతో పిలిచేవాళ్లు. ముందు పనిముట్టు, తర్వాత పని, ఆ తర్వాతే లోకంలో తిరిగేవన్నీ."

నాన్న ఛాతీ రెండంగుళాలు పెరిగింది. "విన్నావా కెజీ? భూమి కూడా మన దగ్గర అప్పు తెచ్చుకునే తిరుగుతోంది."

నాకు ఒక సంగతి తేలలేదు. "మరి ఆ మాట రాకముందు మనవాళ్లు తిరగలేదా సార్?"

"తిరక్కేం! 'వెండ్' అనేవాళ్లు. అది ఇంట్లో పుట్టిన మాట. ఇదే బయట్నుంచి వచ్చింది."

"మరి ఇంటి మాట ఏమైపోయింది?"

"చోటు పోయింది. దాని భూతకాలం 'వెంట్' మాత్రం 'గో' ఇంట్లో తలదాచుకుంటోంది. 'గో' దాన్ని సొంత మనిషనే చెప్పుకుంటోంది."

"మన ఆమోస్ బావమరిది లాగన్నమాట," అన్నాడు నాన్న. ఆమోస్ టిల్‌బరీ మా పక్క తోపువాడు. వాళ్ల బావమరిది నాలుగు రోజులుంటానని వచ్చి పదకొండేళ్లయింది.

నేను వదల్లేదు. "బయట్నుంచి వచ్చినదానికి చోటు ఎవరిచ్చారు సార్?"

"ఎవరూ ఇవ్వలేదమ్మా. దానికి ఒక పని వచ్చు. ఆ పని చేసుకుంటూ పోయింది. కొన్నాళ్లకి జనానికి అది లేకపోతే జరగలేదు."

ఆ జవాబుతో నాకు కడుపు నిండినట్టయింది. నాన్న వైపు చూశాను. ఆయన చూపు తప్పించాడు.

"నేను చెప్పిన ముక్కలు మీ పుస్తకంలో వేస్తారా?" అన్నాడు ఎల్ఫిక్ గారితో.

"నోటి మాట వెయ్యడానికి లేదండీ. అచ్చులో ఉన్నదే సాక్ష్యం."

"మా బల్ల దగ్గరా అంతే. మాటలెన్నయినా చెప్పొచ్చు, కాలు చూపించాలి."

"అదే అడుగుదామని వచ్చాను," అన్నారు ఎల్ఫిక్ గారు. "ఒక్క కాలు తీసి చూపించరూ? ఎనిమిది నెలలుగా రాస్తున్నాను గానీ ఒక్కసారైనా చూడలేదు."

నేను లేవబోయాను. నాన్న చెయ్యి అడ్డం పెట్టి తనే తరిమెన ఎక్కాడు. కర్ర బిగించాడు, తొక్కాడు. పాదం బాగానే ఉంది, తాళం తప్పలేదు. ఉలి ఆనించగానే చెయ్యి దాని దారిన అది పోయింది. వెనక్కి తిరిగే కర్రకు మొన తగిలి, కర్ర నిలువునా చీలి పేడు ఆయన చెంప మీద కొట్టింది. రక్తం చిన్న గీతలా కారింది. ఎల్ఫిక్ గారు తన బూట్లకేసి చూసుకున్నారు. పెద్దమనిషి అంటే అదీ.

నేను నాన్న చేతిలోంచి ఉలి తీసుకున్నాను. ఆయన లేచి చోటిచ్చాడు. ఇంకో కర్ర బిగించి ఆ పెద్దమనిషి చూస్తుండగా కాలు తీసి ఇచ్చాను. ఆయన రెండు పూసల మీదా వేలు నడిపించి, టోపీ తీసి నాకు నమస్కరించి వెళ్లిపోయారు.

ఆయన కనుమరుగయ్యాక నాన్న అన్నాడు, "సరే. నీ పేరు మీదే పాడుకో. నాకు విసుగొచ్చింది, ఇక అమ్మాయి చూసుకుంటుందని నేను చెప్తాను. చెయ్యి సంగతి మాత్రం ఎత్తకూడదు. ఒట్టెయ్యి."

ఒట్టేశాను. ఆయన పరువు, నా తోపు, రెండూ నిలబడతాయనుకున్నాను.

వేలం రోజు మధ్యాహ్నానికే పబ్బు కిక్కిరిసింది. తడి కోట్ల వాసన, పొగాకు, బీరు. మా తోపు చివరి పాట. నాన్న కుడిచెయ్యి జేబులో దోపుకుని నా పక్కన నిలబడ్డాడు. పార్స్‌లో, "రెడ్రప్!" అని పిలవగానే ఒప్పుకున్నట్టే చెప్పాడు, విసుగొచ్చిందనీ, అమ్మాయి చూసుకుంటుందనీ. నేను కాలు బల్ల మీద పెట్టి నా పేరు చెప్పాను.

గదిలో గుసగుస లేచింది. వెనక నుంచి ఎవడో అరిచాడు, "రేపు మా ఆవిడ కూడా వస్తానంటుంది, ఎవరు సర్దిచెప్తారు?"

"మీ ఆవిడొస్తే నువ్వు ఇంట్లో రొట్టెలు చేసుకో," అన్నాను. "నీ కాళ్లకంటే అవే గుండ్రంగా వస్తాయేమో."

నవ్వులు లేచాయి. పార్స్‌లో బల్ల మీద కొట్టాడు. "ఆడ, మగ అని ఎక్కడా రాసిలేదు. కాలు ఎవరిదో అదే అడుగుతుంది బల్ల. తిప్పండి."

కాలు చేతులు మారుతూ పోయింది. ఆమోస్ దగ్గర ఆగింది. ఆమోస్ చెడ్డవాడు కాదు. గీత గీసి బతికే మనిషి, తన ఇంటి కుక్కను కూడా గీత దాటనివ్వడు. బొటనవేలితో ఒకసారి, మళ్లీ ఒకసారి తడిమాడు.

"ఇది జేబెజ్ కాలు," అన్నాడు.

"నాది," అన్నాను.

"పిల్లా, ముప్పై ఏళ్లుగా ఈ గీత తడుముతున్నాను. ఇది మీ నాన్నది. ఆయన తీసిన కాలు తెచ్చి నీ పేరు పెడుతున్నావు."

అతని పక్కవాడు తీసుకుని చూసి అవునన్నాడు. ఆ పక్కవాడూ అదే అన్నాడు. రెండేళ్లు కష్టపడి నా చేతిని నేనే చెరిపేసుకున్నాను. ఇప్పుడు అది నాదంటే నమ్మే మనిషి ఒక్కడూ లేడు. నిజం చెప్పాలంటే నాన్న చెయ్యి సంగతి చెప్పాలి, చెప్పనని ఒట్టేశాను. పళ్లు బిగబట్టి నిలబడ్డాను. ఆ గదిలోంచి వెళ్లిపోవడమన్నది మాత్రం నా బుర్రలోకి రాలేదు.

అప్పుడు నాన్న జేబులోంచి కుడిచెయ్యి తీసి బల్ల మీద పెట్టాడు. పెట్టిన క్షణం నుంచీ అది చెక్క మీద టకటకమని కొట్టుకుంటూనే ఉంది. పార్స్‌లో సిరాబుడ్డి పట్టుకోవాల్సి వచ్చింది.

"ఒరేయ్ ఆమోస్, ఈ చెయ్యి తీసిందా ఆ కాలు?"

నాన్న గదంతా కలయచూశాడు.

"రెండేళ్లయింది ఉలి పట్టి. నిరుడు మీరంతా భేష్ అన్నది కూడా మా కెజీ కాలే. అంతకు ముందేడూ దీనిదే."

ఆమోస్ ముఖం పాలిపోయింది. "అంటే రెండుసార్లు దొంగ కాలు పెట్టావన్నమాట."

"పెట్టాను."

"కట్టుబాటు తెలుసుగా జేబెజ్," అన్నాడు పార్స్‌లో మెల్లగా.

"తెలిసే చెప్పాను." నాన్న బల్ల దగ్గర నుంచి వెనక్కి అడుగు వేశాడు, ఇంకో అడుగు వేశాడు, వెళ్లి తలుపు పక్కన నిలబడ్డాడు. నలభై ఏళ్లు ఆ బల్ల ముందు నిలబడ్డ మనిషి. ఆ నాలుగు అడుగులూ నా గుండెల మీద పడ్డాయి.

పార్స్‌లో కలం అందుకోబోతుంటే ఆమోస్ మళ్లీ చెయ్యెత్తాడు. "అమ్మాయి కాలు ఇంకా బల్ల మీదికి రాలేదు. ఎవరు తీసినా ఇది జేబెజ్ కాలే. ఈరోజు వాళ్ల నాన్న చేతిని ఎత్తుకొచ్చింది, రేపు నా చేతిని ఎత్తుకొస్తే?"

"నీ చేతినా! ఊరికే ఇచ్చినా ఎవరికి కావాలి?" అన్నాను. కానీ అతను చెప్పింది సబబేనని నాకు తెలుసు. అదే ఎక్కువ మండింది. "సరే. నీ తరిమెన ఈ వెనకే ఉందిగా. నువ్వే వచ్చి చూడు. ఇక్కడే, ఇప్పుడే తీస్తాను."

పార్స్‌లో లిస్టు చూసుకున్నాడు. "మీ తోపు కంటే ముందువి మూడు వాయిదా వేశాను. ఇప్పుడవి పాడించేసరికి రావాలి. ఆ తర్వాత ఆగను."

ఆమోస్ కొట్టం పబ్బు పెరడు వెనకే. అతను పొడుగు మనిషి కాబట్టి తొక్కుడు పలక నా మోకాలి ఎత్తున ఉంది, గడ ఇనుములా బిగుసుకుని ఉంది.

"ఎత్తు తగ్గించనా?" అన్నాడు.

"అక్కర్లేదు."

చీల్చిన కర్ర ఒకటి తీసుకుని, గొడ్డలితో మూలలు కొట్టి, రెండు పిడుల కత్తితో నున్నగా చేసి బిగించాను. తొక్కాను. తుంటిదాకా నొప్పి పాకింది. పచ్చి కర్ర నీళ్లు ముఖాన చిమ్మాయి. గరుకు పోయేదాకా బాగానే సాగింది. పూస దగ్గరికొచ్చేసరికి ఉలి తనంతట తనే నాన్న చోటికి వెళ్లి వెంట్రుకంత గీత పెట్టేసింది. ఆపేశాను.

"ఇదీ జేబెజ్‌దే," అన్నాడు ఆమోస్. వెటకారంగా కాదు, జాలిగా అన్నాడు. వెటకారమే నయం.

పబ్బులోంచి పార్స్‌లో గొంతు వినిపిస్తోంది. మొదటి తోపు పాట అయిపోయింది. ఆ గీత చెరిపేశాను. ఉలి చేతిలో ఊరికే పట్టుకుని, నాకేం కావాలా అని ఆలోచించాను. ఇన్నాళ్లలో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు, నేనూ అడుక్కోలేదు. అడిగితే జవాబు ఎప్పటి నుంచో సిద్ధంగానే ఉంది. కాలికి లావుగా ఉండే ఆ ఉబ్బుని నాన్న మరీ పైన పెడతాడని నాకెప్పుడూ అనిపించేది. బరువు ఆగేది కింద కదా, కండ అక్కడ ఉండాలి కదా. చెయ్యి కిందికి పోవాలని చూసినప్పుడల్లా "పైకి, గాడిదా" అని ఆయన, తర్వాత ఆయన లేకపోయినా నేనే, దాన్ని వెనక్కి లాక్కొచ్చేవాళ్లం.

ఈసారి లాగలేదు. తొక్కాను, ఆనించాను, ఎత్తాను. తొక్కాను, ఆనించాను, ఎత్తాను. ఉబ్బు కిందికి దిగింది. పూస ఒక్కటే లేచింది, వెడల్పుగా, గీత లేకుండా. మడమ దగ్గర ఉలిని ఒక్క ఊపులో వదిలేశాను. రెండో తోపు ఎప్పుడు అయిపోయిందో నాకు తెలియదు. ఆమోస్ ఒక్క మాట మాట్లాడలేదు. నేను దిగేటప్పుడు మాత్రం కుంటుతున్నానని చూసి తలుపు తీసి పట్టుకున్నాడు.

మూడో తోపు పాట ముగుస్తుండగా కాలు బల్ల మీద పెట్టాను. ఇంకా నీళ్లు కారుతోంది.

"తిప్పండి," అన్నాడు పార్స్‌లో.

మొదటివాడు తడిమాడు, నుదురు చిట్లించాడు, పక్కకిచ్చాడు. రెండోవాడు కళ్లు మూసుకుని తడిమి చూసి తల అడ్డంగా ఊపాడు. అలా గదంతా తిరిగింది. ఎవరి పేరూ ఎవరి నోటా రాలేదు. ఆమోస్ వంతు వచ్చింది. "నా ఎదురుగా తీసింది. నేను సాక్షిని, నేను చెప్పకూడదు," అని తీసుకోకుండానే పక్కకు పంపేశాడు.

"ఈ చెయ్యి ఎవరికైనా తెలుసా?" అన్నాడు పార్స్‌లో.

ఎవరికీ తెలియదు.

"జేబెజ్‌కి కూడా చూపించండి."

ఆయన బల్ల దగ్గరికి రాకూడదు కాబట్టి కాలే ఆయన దగ్గరికి వెళ్లింది. ఎడమచేత్తో పట్టుకుని బొటనవేలు నడిపించాడు. రెండు పూసలు ఉండాల్సిన చోట వెతికాడు. అక్కడేమీ లేదు. వేలు కిందికి దిగి, ఉబ్బు మీద ఆగి, ఆ ఒక్క పూసను చుట్టి వచ్చింది. మళ్లీ మొదటికెళ్లి మళ్లీ చూశాడు. "పైకి, గాడిదా" అంటాడేమోనని నిజంగానే భయపడ్డాను.

"తెలీదు," అన్నాడు. "ఈ చెయ్యి నాకు తెలీదు. ఇది నేను నేర్పింది కాదు."

ఆయన ఏడుస్తున్నాడు, దాచుకోవడం లేదు. నా కళ్లూ నిలవలేదు. పార్స్‌లో కలం సిరాలో ముంచి, నా వైపు చూసి పేరు అడిగాడు. నేను నోరు తెరిచేలోగా తలుపు దగ్గర నుంచి నాన్న గదంతా వినపడేలా అరిచాడు.

"కెజియా రెడ్రప్ అని రాయండి. పక్కన టర్నర్ అని కూడా రాయండి."